నీటి అంచున దిగు వలసపక్షులు



వానలు తగ్గి కార్తికమాసము వచ్చిన పిమ్మట, మన నందికొట్కూరు ప్రాంతమున శ్రీశైల జలాశయపు వెనుకజలములు మెల్లగా తీయుచుండగా, మునిగియున్న బీళ్లు పలుచని నీటితోను బురదతోను బయటపడును. కర్నూలు–కడప కాలువక్రింది మళ్లయందును అట్టి తడియే కలదు. ఉత్తరదేశముల నేల శీతకాలమున గడ్డకట్టి పురుగు దొరకదు గనుక, పగటిపొద్దు తగ్గుటయే సూచనగా పక్షులు అచటినుండి బయలుదేరి ఈ తడిని వెదకికొనుచు వచ్చును.

వానిని గుర్తించుటకు పేరుకన్న ముందు కాళ్లను, ముక్కును చూడవలయును. పొట్టికాళ్ల ఉల్లంకులు బురద అంచున పరుగులిడుచు సన్నని ముక్కుతో పురుగుల నేరుకొనును. పొడుగుకాళ్ల కొంగలు నీటిలో నిలిచి చేపలను కప్పలను పట్టును. చదునుముక్కు బాతులు ఇంకను లోతున ఈదును. కాటుకపిట్ట తోక నాడించుచు గట్లపై కీటకములను తినును.

కొన్నేండ్లక్రిందట నీటి అంచున శనగ విత్తిన రైతొకరు, వచ్చిన పక్షులు విత్తు తినుచున్నవని నాతో మొరపెట్టుకొనిరి. నేను చూడకయే అన్నిటిని తరిమివేయుడని చెప్పితిని. మరునాటి ఉదయము ఇరువురమును గట్టుచాటున కూర్చుండి చూడగా, మొలకలను పెరికినవి మన ఊరి పావురములే. ఉల్లంకులు తడిచాలున పురుగులనే ఏరుచుండెను.

వలసపక్షులన్నియు నిరపరాధులని నేననను. బాతులు రాత్రివేళ పండిన వరిపై దిగుట కలదు. దానికి దీపము, డప్పు చాలును. విషము కలిపిన గింజలు చల్లుట మాత్రము కూడదు. అది దోషియని నిర్దోషియని ఎరుగదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమును మరువరాదు.

మనకు చేరువనున్న రోళ్లపాడు అభయారణ్యము 1988లో బట్టమేకపక్షి కొరకు ఏర్పడెను. ఆ పక్షి నేడచట దాదాపు కనుమరుగైనది. అయినను శీతకాలమున ఆ గడ్డిలో రాత్రులు గుంపులుగా దిగు పిల్లిగద్దలు పగలు పరిసరముల తిరిగి మిడుతలను పట్టి తినును. పోగొట్టుకొన్నదానిని తలచి, ఉన్నదానిని కాపాడుకొందము.

కావున సూర్యోదయవేళ, ఎండ వీపున పడునట్లు కదలక కూర్చుండుడు. తేది, చోటు, పక్షులెన్ని, ఏమి తినుచున్నవి అను నాలుగు సంగతులు వ్రాసికొనుడు. చూడక చెప్పిన నా తప్పును అరగంట చూపు దిద్దినది. మీరును రాయి విసరుటకు ముందు ఆ అరగంట వెచ్చింపుడు.