ఒక్క ‘రన్’... 645 అర్థాలు!

ఒకటో తరగతి పిల్లాడికి కూడా తెలిసిన ఇంగ్లిషు మాట. దాని అర్థాలు తేల్చడానికి ఒక నిఘంటుకారుడికి తొమ్మిది నెలలు పట్టింది.

‘బండి మంచి రన్నింగ్ కండిషన్‌లో ఉందన్నా, ఒక రౌండేసి చూడు’ అంటాడు సెకండ్‌హ్యాండ్ బైకులమ్మే కుర్రాడు. ‘గట్టు మొత్తం పన్నెండు రన్నింగ్ ఫీట్ వస్తుందండీ’ అంటూ టేపు చుట్టేస్తాడు గ్రానైట్ మేస్త్రి. ‘ఫుల్ రన్‌లో పెట్టుబడి వెనక్కొచ్చేసింది’ అని లెక్క తేలుస్తాడు సినిమా బయ్యరు. ముగ్గురిలో ఎవరూ పరుగెత్తడం గురించి మాట్లాడటం లేదు. ముగ్గురి నోటా ఉన్నది మాత్రం ‘రన్’ అనే మాటే.

ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లిష్ డిక్షనరీ 2011లో ఈ మాటను సవరించినప్పుడు, క్రియగా దీనికి 645 అర్థాలున్నాయని తేలింది. ఆ పని చేసిన సంపాదకుడు పీటర్ గిల్లివర్. ఒకప్పుడు ఎక్కువ అర్థాల కిరీటం ‘సెట్’ది. 1989లో ఇరవై సంపుటాలుగా వచ్చిన రెండో ఎడిషన్‌లో ఆ ఒక్క క్రియను వివరించడానికే దాదాపు 60 వేల మాటలు పట్టాయి. 2000లో కొత్త సవరణలు మొదలయ్యాక ముందు ‘మేక్’, 2007లో ‘పుట్’, ఆ తర్వాత ‘రన్’ వరుసగా రికార్డు కొట్టుకుంటూ వచ్చాయి.

అన్నీ పొట్టి మాటలే, అన్నీ రోజూ వాడేవే. బాగా వాడే మాటకే అర్థాలు ఎక్కువని అమెరికన్ భాషావేత్త జార్జ్ జిఫ్ 1945లోనే చెప్పారు. ‘హిప్పొపొటమస్’ లాంటి మాటని ఇంకో పనికి పురమాయించడం ఎవరి తరం?

చీటీల గుట్టలు

అర్థాలను లెక్కపెట్టేదెలా? విక్టోరియా రాణి కాలంలో జేమ్స్ ముర్రే నడిచిన దారే ఇప్పటికీ దిక్కు. 1879లో ఈ నిఘంటువుకు సంపాదకుడైన ముర్రే ఇంటి ఆవరణలో ఇనుప రేకుల షెడ్డు వేసుకుని కూర్చున్నారు. ఎక్కడెక్కడి పాఠకులో పుస్తకాలు చదివి, మాట ఉన్న వాక్యాన్ని చీటీ మీద రాసి, పుస్తకం పేరూ ఏడాదీ వేసి ఆయనకు పంపేవారు. పదేళ్లలో ముగుస్తుందనుకున్న పని 1928 దాకా సాగింది. ముర్రే 1915లోనే కన్నుమూశారు.

ఇప్పుడు కంప్యూటర్లు వచ్చాయి. తలనొప్పి మాత్రం అదే. ‘రన్’ చీటీలను మనమే ముందేసుకుని కూర్చున్నామనుకోండి. మనిషి పరుగు ఒక గుట్ట. నది పారడం? కాళ్లు లేవు కాబట్టి వేరే గుట్ట. మరి ముక్కు కారడం నది గుట్టలోకా, కొత్త గుట్టలోకా? ఉతికితే చొక్కా రంగు దిగడం కూడా రన్నే. రోడ్డు ఊరి మధ్యనుంచి పోవడమూ రన్నే, కానీ అక్కడ కదిలేదేమీ లేదు. ఒప్పందం అయిదేళ్లు అమల్లో ఉండటమూ రన్నే, అక్కడ రోడ్డు కూడా లేదు, ఉన్నది కాలం ఒక్కటే. కాళ్ల నుంచి నీళ్లకు, నీళ్ల నుంచి దారికి, దారి నుంచి కాలానికి... ఒక్కో మెట్టు దగ్గర గీత గీయాలా వద్దా అన్నది సంపాదకుడి ఇష్టం. కాబట్టి 645 అన్నది లెక్కకన్నా తీర్పు అనడమే సబబు.

నామవాచకంగా దీని వేషాలు వేరే. అమెరికాలోని వర్జీనియాలో రన్ అంటే వాగు. 1861లో అంతర్యుద్ధపు తొలి పెద్ద పోరు జరిగిన ‘బుల్ రన్’ ఎద్దుల పందేల మైదానం కాదు, ఒక వాగు. క్రికెట్లో సిక్సర్ కొట్టినవాడు అడుగు కదపక్కర్లేదు, ఖాతాలో ఆరు రన్‌లు పడతాయి. జనం డిపాజిట్ల కోసం ఒక్కసారిగా ఎగబడితే అది బ్యాంకు మీద రన్. 2023 మార్చి 9న అమెరికాలో సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి 4,200 కోట్ల డాలర్లు తీసుకోవడానికి ఖాతాదారులు ఒక్కరోజులో సిద్ధపడ్డారు. చాలామంది కుర్చీలోంచి లేవకుండానే ఆ ‘పరుగు’ తీశారు. మర్నాడు బ్యాంకు మూతపడింది.

యంత్రాలు పెంచిన మాట

ఇన్ని అర్థాలు ఎక్కడి నుంచి వచ్చిపడ్డాయి? పారిశ్రామిక విప్లవం నుంచే చాలా వచ్చాయంటారు రచయిత సైమన్ వించెస్టర్. రైలు వచ్చింది, అది చేసే పనికి మాట కావాలి. మగ్గానికి ఆవిరి తోడైంది, దానికీ మాట కావాలి. చేతికందిన పాత మాటను జనం అక్కడ వాడేశారు. యంత్రం ‘రన్’ అయితే దాన్ని నడిపేవాడూ రన్ చేస్తాడు, కార్ఖానానీ రన్ చేస్తాడు, కంపెనీనీ చేస్తాడు. చివరికి కంప్యూటర్ ప్రోగ్రామూ రన్ అయింది.

వాళ్లు పరుగెత్తితే మనం నడిచాం

అవే యంత్రాలు మన దగ్గరికీ వచ్చాయి. అయితే తెలుగువాడికి వాటిలో పరుగు కనిపించలేదు. బస్సు మనకు నడుస్తుంది. కంపెనీని నడుపుతాం, బడినీ ప్రభుత్వాన్నీ నడుపుతాం. అమెరికా నాయకుడు ఎన్నికల్లో పరుగెత్తుతాడు. మన నాయకుడు నిలబడతాడు. ఇంగ్లండులోనూ నిలబడటమే.

ఇక ‘ఆడు’ సంగతి చెప్పాలంటే, అది మన రన్. ధాన్యం మిల్లు ఆడుతుంది, గానుగ ఆడిస్తాం. సినిమా వంద రోజులు ఆడుతుంది. లండన్లో 1952లో మొదలై, కరోనాకు ఆగి మళ్లీ లేచిన అగాథా క్రిస్టీ నాటకం ‘మౌస్‌ట్రాప్’ను ఇంగ్లిషువాళ్లు సుదీర్ఘ ‘రన్’ అంటే, మనం ‘ఇన్నేళ్లుగా ఆడుతోంది’ అంటాం. గదిలో ఊపిరాడదు, నెలాఖరున చేతిలో డబ్బాడదు, దుర్వార్త వింటే కాళ్లూ చేతులూ ఆడవు. పక్కనే ‘పారు’ ఉంది. నీళ్లు పారతాయి, దొంగ పారిపోతాడు, పాచిక పారుతుంది. ఇవన్నీ ఎవరూ కమిటీ వేసి తేల్చినవి కావు. మిల్లు దగ్గరా, పొలం గట్టునా, థియేటర్ ముందూ పని చేసుకుంటూ అనుకున్నవి.

క్రికెట్ వచ్చినప్పుడు మనం ‘పరుగు’కే కొత్త కొలువిచ్చాం. రేడియో వ్యాఖ్యానం, పత్రికల క్రీడాపేజీ తెలుగులో ఉండబట్టి ఆ అర్థం నిలిచింది. సాఫ్ట్‌వేర్ వచ్చేసరికి కథ మారింది. ప్రోగ్రామ్ ‘నడవలేదు’, ‘ఆడలేదు’, ‘రన్ అవుతోంది’ అంతే. తెలుగులో చేవ తగ్గి కాదు, ఆ గదిలో పని మాటలు ఇంగ్లిషులో సాగినందువల్ల. పని ఏ భాషలో జరిగితే కొత్త అర్థం ఆ భాషకే దక్కుతుంది.

అందుకే కొత్త మాటలు పుట్టించే శ్రమకన్నా ఉన్న మాటలు ఎక్కడెక్కడ పని చేస్తున్నాయో రాసుకోవడం ముందు జరగాలి. ఆడు, పడు, కొట్టు, పెట్టు, పట్టు... ఒక్కోదానికి ఒక గుట్ట. గ్రానైట్ మేస్త్రి నుంచీ, మిల్లు డ్రైవరు నుంచీ, గిర్నీకాడి మనిషి నుంచీ తేదీ వేసి చీటీలు రాసుకుంటే, ‘సెట్’కూ ‘రన్’కూ దీటైన మాటలు మన దగ్గర ఎన్నున్నాయో అప్పుడు తెలుస్తుంది.