కాఫ్కాలో మీ మొదటి ప్యాచ్: 8 జీబీ ల్యాప్‌టాప్‌తో ఎలా మొదలుపెట్టాలి?

ఎచ్చెర్ల ట్రిపుల్ ఐటీలోనో, రాజాంలోనో, విజయనగరంలోనో బీటెక్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, రిఫరల్ ఇచ్చేవాళ్లు ఎవరూ లేరు. రెజ్యూమేలో ఏం పెట్టాలి?" నా సమాధానం: ఎవరైనా ఓపెన్ చేసి చూడగలిగే కోడ్ పెట్టండి. అపాచీ కాఫ్కా లాంటి ప్రాజెక్టులో చిన్న ప్యాచ్ మెర్జ్ అయినా, అది మీ పేరుతో అక్కడే ఉంటుంది.

అసలు కాఫ్కా ఏం చేస్తుంది?

పలాసలో ఒక జీడిపప్పు కొట్టు ఉందనుకోండి. వచ్చిన ప్రతి ఆర్డర్‌నీ పుస్తకంలో చివరి లైన్ కింద రాస్తారు. ప్యాకింగ్ కుర్రాడు, బిల్లు రాసేవాడు అదే పుస్తకం చూస్తారు. ఎవరు ఎక్కడిదాకా చదివారో వాళ్లకే గుర్తుంటుంది. కాఫ్కా కూడా అంతే. పుస్తకం టాపిక్, ఆ గుర్తు ఆఫ్‌సెట్. పుస్తకం పెద్దదైతే పార్టిషన్లుగా విడగొట్టి వేర్వేరు సర్వర్లలో పెడతారు.

దీన్ని లింక్డ్‌ఇన్‌లో జే క్రెప్స్, జున్ రావ్, పుణెలో ఇంజినీరింగ్ చదివిన నేహా నార్ఖేడే తయారుచేశారు. 2011లో ఓపెన్ సోర్స్ అయింది.

మొదలుపెట్టే వరుస

1. ముందు వాడండి. 4.0 వెర్షన్ నుంచి జూకీపర్ అక్కర్లేదు కాబట్టి ఒక్క మెషీన్‌లో నడపడం తేలికైంది. టాపిక్ క్రియేట్ చేసి, నాలుగు మెసేజ్‌లు పంపి, చదివి చూడండి.

2. కోడ్ బిల్డ్ చేయండి. జావా 17 ఉండాలి. విండోస్ అయితే డబ్ల్యూఎస్ఎల్ వాడితే తలనొప్పి తగ్గుతుంది. మొత్తం టెస్టులు రన్ చేస్తే 8 జీబీ ల్యాప్‌టాప్ మొరాయిస్తుంది. క్లయింట్స్ మాడ్యూల్ ఒక్కటే తీసుకుని, అందులోనూ మీకు కావాల్సిన టెస్టు క్లాస్ మాత్రమే రన్ చేయండి.

3. చిన్న పని ఎంచుకోండి. బగ్గులు, పనుల లిస్టు జిరాలో ఉంటుంది. అకౌంట్‌కి రిక్వెస్ట్ పెట్టి, 'న్యూబీ' లేబుల్ ఉన్నవి వెతకండి. డాక్యుమెంటేషన్‌లో తప్పులు, అర్థంకాని ఎర్రర్ మెసేజ్‌లు మంచి ఆరంభం. ఇలాంటి చిన్న సవరణలకి జిరా టికెట్ కూడా అక్కర్లేదు. పుల్ రిక్వెస్ట్ టైటిల్ ముందు 'మైనర్' అని పెడితే చాలు.

4. పెద్ద మార్పులకి తొందరపడొద్దు. బయటివాళ్లు వాడే ఏపీఐ మారాలంటే కేఐపీ అనే ప్రపోజల్ రాయాలి. దానిపై చర్చ, ఓటింగ్ జరుగుతాయి.

నేను చేసిన తప్పు

నా మొదటి ప్రయత్నం వేరే ప్రాజెక్టులో. వారం కూర్చుని ఒక బగ్ ఫిక్స్ చేశాను. తీరా పంపాక చూస్తే, ఆ టికెట్ అప్పటికే ఇంకొకరి పేరు మీద ఉంది. నేను చూసుకోలేదంతే. కాబట్టి కోడ్ ముట్టుకునే ముందు "ఇది నేను తీసుకోవచ్చా?" అని టికెట్‌లో ఒక్క లైన్ రాయండి.

పంపాక ఏం జరుగుతుంది?

రివ్యూ వెంటనే రాకపోవచ్చు. చాలామంది రివ్యూయర్లు సొంత పనుల మధ్య చూస్తారు. రెండు వారాలు ఆగి మర్యాదగా గుర్తుచేయండి. సమస్య ఏంటి, ఎలా సరిచేశారు, ఏ టెస్టుతో చెక్ చేశారు, ఈ మూడూ స్పష్టంగా రాస్తే చూసేవాళ్లకి పని తగ్గుతుంది. ఇంగ్లిష్ గొప్పగా ఉండక్కర్లేదు, చిన్న వాక్యాలు చాలు. మార్పులు అడిగితే కంగారుపడొద్దు. సీనియర్లకీ అడుగుతారు.

ఈ శని, ఆదివారాల్లో మొదటి రెండు స్టెప్పులు పూర్తిచేయండి. బిల్డ్ సక్సెస్ అని స్క్రీన్ మీద కనిపిస్తే, సగం భయం అక్కడే పోతుంది.