సున్నా చేసిన అల్లరి

గుడి చుట్టూ 108 ప్రదక్షిణలు చేసే బామ్మ, చుట్టుకొక చింతపిక్క చొప్పున సంచిలోంచి తీసేస్తుంది. సంచి ఖాళీ కాగానే ఆగుతుంది. కంప్యూటరు ఒకే పనిని మళ్ళీ మళ్ళీ చేసే చుట్టును ‘లూప్’ అనీ, చుట్లను లెక్కించే చలరాశిని ‘కౌంటర్’ అనీ అంటారు.

1980లో జపానులో విడుదలైన ‘పాక్-మాన్’ ఆటలో, పండ్ల బొమ్మలు గీసే లూపుకు కౌంటరు ఒక బైటు. అందులో 255కు మించి పట్టదు. 256వ దశలో 255కు 1 కలపగానే, స్కూటరు మీటరు తిరిగి మొదటికి వచ్చినట్లు, అది 0 అయింది! ఆ లూపు బొమ్మ గీసి, 1 తగ్గించి, ఆ తరువాతే ‘సున్నా అయిందా?’ అని చూస్తుంది. 0 నుంచి వెనక్కు తిరిగితే మళ్ళీ 255! అందుచేత ఏడుకు మించకూడని బొమ్మలు 256 పడ్డాయి. తెర కుడి సగం చిందరవందరైంది.

సంచి ముందే ఖాళీగా ఉంటే బామ్మ ఒక్క చుట్టు కూడా తిరగదు కదా! పిల్లలూ, లూపు రాసేటప్పుడు కౌంటరు సున్నాతో మొదలైతే ఏమవుతుందో ముందే చూసుకోండి.