మొదటి భాగం ఒక కొట్లో.. రెండో భాగం మరో కొట్లో!

సెల్‌ఫోన్ సినిమా కంపెనీల పోటీ - చందాల మీద చందాలతో ప్రేక్షకుల అవస్థ

'పుష్ప' సినిమా మొదటి భాగం 2022 జనవరిలో అమెజాన్ ప్రైమ్‌లో వచ్చింది. రెండో భాగం 2025 జనవరిలో నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చింది. కథ ఒకటే, కథానాయకుడు ఒకడే. కొట్లు మాత్రం రెండు. మొదటి భాగం కోసం ఒకచోట చందా కట్టిన ప్రేక్షకుడు రెండో భాగం కోసం ఇంకోచోట డబ్బు చెల్లించవలసి వచ్చింది.

'ఆర్ఆర్ఆర్' సంగతి మరీ విచిత్రం. 2022 మే 20న ఒకే రోజున అది తెలుగు, తమిళం, కన్నడం, మలయాళ భాషల్లో జీ5లోను, హిందీలో నెట్‌ఫ్లిక్స్‌లోను విడుదలైంది. 2024 ఆగస్టులో 'కల్కి 2898 ఏడీ' కూడా అంతే. తెలుగు కల్కి ప్రైమ్ వారి పాలు, హిందీ కల్కి నెట్‌ఫ్లిక్స్ వారి పాలు.

ఇంటర్నెట్ ద్వారా సినిమాలు చూపించే ఈ సంస్థలనే ఓటీటీలు అంటున్నారు. నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్, జియోహాట్‌స్టార్, జీ5, ఆహా, సన్ నెక్స్ట్, ఈటీవీ విన్.. ఇలా చేతివేళ్లు చాలనన్ని ఉన్నాయి. పల్లెల్లో సైతం ఇప్పుడు "ఆ సినిమా ఎప్పుడొస్తుంది?" అనే ప్రశ్నతో పాటు "ఎందులో వస్తుంది?" అనే ప్రశ్న కూడా వినవస్తోంది.

పోటీ పెరిగితే ధర తగ్గాలి కదా?

ఊళ్లో ఒకటే కిరాణా కొట్టు ఉంటే షావుకారు చెప్పిందే ధర. ఎదురుగా రెండో కొట్టు పెడితే కందిపప్పు కిలోకు రూపాయో రెండో తగ్గుతుంది. ఎందుకంటే రెండు కొట్లలోనూ ఉన్నది అదే పప్పు. ఇక్కడ నచ్చకపోతే అక్కడికి పోవచ్చు.

సినిమాల కొట్టుకు ఈ లెక్క కుదరదు. ప్రతి సంస్థా తాను కొన్న సినిమాకు గుత్తహక్కు రాయించుకుంటుంది. ఉప్పు ఒక కొట్లో, పప్పు ఇంకో కొట్లో, చింతపండు మూడో కొట్లో మాత్రమే దొరికితే ఎలా ఉంటుందో ఇదీ అలాగే ఉంటుంది. కొట్లు పెరిగేకొద్దీ గృహస్థుకు ఖర్చు పెరుగుతుందే గాని తగ్గదు.

2021 డిసెంబరులో జరిగిన ముచ్చటే ఇందుకు ఉదాహరణ. ఆ నెలలో నెట్‌ఫ్లిక్స్ మన దేశంలో ధరలు తగ్గించింది. సెల్‌ఫోన్ చందా నెలకు 199 రూపాయల నుంచి 149కి దిగింది. అదే నెలలో అమెజాన్ ప్రైమ్ ఏడాది చందా 999 రూపాయల నుంచి 1,499కి ఎగబాకింది. ఒకే బజారులో, ఒకే నెలలో ఒకరు దించారు, ఒకరు పెంచారు. సరుకు ఒకటే అయితే ఇది సాధ్యమయ్యేది కాదు.

2025 నాటి ధరల ప్రకారం నెట్‌ఫ్లిక్స్ సెల్‌ఫోన్ చందా, ప్రైమ్ నెల చందా కలిపితే 448 రూపాయలు. 2025-26లో మన రాష్ట్రంలో ఉపాధి హామీ పథకం రోజు కూలి 307 రూపాయలు. అంటే రెండు కొట్లకే దాదాపు ఒకటిన్నర రోజుల కష్టం సరిపోతుంది. మిగిలిన కొట్లు, సెల్ రీఛార్జి దీనికి అదనం.

అంతా కౌలు సేద్యమే

ఈ సంస్థలు తమ వద్ద ఉన్న సినిమాల నిల్వను 'లైబ్రరీ' అని చెప్పుకుంటాయి. అయితే అందులో ఉన్నదంతా వాటి సొంతం కాదు. చాలా భాగం గడువు పెట్టి తెచ్చుకున్నదే. మన రైతులకు అర్థమయ్యే మాటలో చెప్పాలంటే కౌలు సేద్యం.

నెట్‌ఫ్లిక్స్ కథ చూస్తే ఈ విషయం బోధపడుతుంది. 1997లో అమెరికాలోని కాలిఫోర్నియాలో రీడ్ హేస్టింగ్స్, మార్క్ రాండాల్ఫ్ అనే ఇద్దరు దీనిని స్థాపించారు. తొలి రోజుల్లో సినిమా డీవీడీలను టపా ద్వారా ఇళ్లకు అద్దెకు పంపేవారు. 2007లో ఇంటర్నెట్ ద్వారా చూపించడం మొదలుపెట్టారు. హాలీవుడ్ స్టూడియోలు తమ పాత సినిమాలను వారికి సంతోషంగానే ఇచ్చాయి. మూలన పడి ఉన్న సరుకు మీద నాలుగు డబ్బులు వస్తుంటే ఎవరు కాదంటారు?

పంట విరగపండేసరికి ఆసామి చూపు పొలం మీద పడింది. తన సినిమాలను ఇకమీదట నెట్‌ఫ్లిక్స్‌కు ఇవ్వబోనని 2017లో డిస్నీ ప్రకటించింది. 2019 నవంబరులో సొంత కొట్టు తెరిచింది. అమెరికాలో ఎంతో ఆదరణ పొందిన 'ఫ్రెండ్స్' సీరియల్‌ను కూడా దాని యజమానులు 2019 చివర నెట్‌ఫ్లిక్స్ నుంచి తీసికొని తమ కొట్లో పెట్టుకున్నారు.

అయితే కౌలుదారు ఈ ముప్పును ముందే పసిగట్టాడు. 2013లోనే 'హౌస్ ఆఫ్ కార్డ్స్' అనే సీరియల్‌ను ప్రత్యేకంగా తన కోసమే తీయించుకున్నాడు. సొంత పొలం కొనుక్కోవడమన్న మాట. అప్పటి నుంచి ప్రతి సంస్థా సొంతంగా సినిమాలు, సీరియళ్లు తీయించడం మొదలుపెట్టింది. ఈ పోటీలో నెట్‌ఫ్లిక్స్‌కూ దెబ్బ తగలకపోలేదు. 2022 మొదటి ఆరు నెలల్లో 11 లక్షలకు పైగా చందాదారులు జారిపోయారు. దాంతో ప్రకటనలతో కూడిన చవక చందా తెచ్చింది. ఒక చందాతో నాలుగిళ్ల వాళ్లు చూసే పద్ధతికి 2023లో అడ్డుకట్ట వేసింది. 2024 చివరి నాటికి ప్రపంచమంతటా దాని చందాదారులు 30 కోట్లు దాటారు.

కౌలు గడువు తీరితే ఏమవుతుందో మన దేశంలోనూ చూశాం. అమెరికాకు చెందిన హెచ్‌బీవో సీరియళ్లు 2023 మార్చి 31 వరకు హాట్‌స్టార్‌లో ఉన్నాయి. ఆ మర్నాటి నుంచి లేవు. కొద్ది వారాలకు జియోసినిమాలో ప్రత్యక్షమయ్యాయి. వాటి కోసం హాట్‌స్టార్‌కు ఏడాది చందా కట్టినవారు నోరు వెళ్లబెట్టుకొని చూడవలసి వచ్చింది.

ఉచితంగా ఇచ్చి.. తరువాత వసూలు

2016 సెప్టెంబరులో జియో రాకతో మన దేశంలో ఇంటర్నెట్ చవకైంది. సరిగ్గా అదే ఏడాది నెట్‌ఫ్లిక్స్, ప్రైమ్ మన దేశానికి వచ్చాయి. హాట్‌స్టార్ అంతకు ఏడాది ముందే వచ్చి ఉంది. 2020 ఉగాదికి అచ్చ తెలుగు సంస్థగా ఆహా ప్రారంభమైంది. నెల తిరక్కుండా కరోనా మూలంగా హాళ్లు మూతపడి ఉండడంతో జనం చూపు సెల్‌ఫోన్ వైపు మళ్లింది.

సినిమాల తరువాత అసలైన ఎర క్రికెట్టు. 2023 నుంచి 2027 వరకు ఐపీఎల్ పోటీలను ఇంటర్నెట్‌లో చూపించే హక్కును రిలయన్స్‌కు చెందిన వయాకామ్18 సంస్థ సుమారు 23,758 కోట్ల రూపాయలకు పాడుకుంది. 2023లో జియోసినిమాలో ఆ పోటీలను ఉచితంగా చూపించారు. రచ్చబండ దగ్గర కుర్రకారు ఫోన్లు పట్టుకొని కూర్చున్నది అప్పుడే.

23 వేల కోట్లు పెట్టినవాడు ఎంతకాలమని ఉచితంగా ఇస్తాడు? 2024 నవంబరులో రిలయన్స్, డిస్నీ సంస్థల వ్యాపారాలు మన దేశంలో విలీనమయ్యాయి. 2025 ఫిబ్రవరి 14న జియోసినిమా, హాట్‌స్టార్ కలిసి జియోహాట్‌స్టార్ అయ్యాయి. ఆ ఏడాది ఐపీఎల్ నుంచి పూర్తి ఉచితం అన్న మాట పోయింది. కొంతసేపు చూశాక చందా అడగడం మొదలైంది. పోట్లాడుకున్న రెండు కొట్లు వియ్యమందుకుంటే బేరమాడే అవకాశం మనకు తగ్గుతుంది. ఇది గమనించవలసిన విషయం.

గుంటూరు ఏరియా ఏమయింది?

సినిమా వ్యాపారంలో మన జిల్లాకు ఒక స్థానముంది. నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అంటూ తెలుగు సినిమాలను ఏరియాల వారీగా డిస్ట్రిబ్యూటర్లు కొంటారు. 2022లో జిల్లా మూడు ముక్కలైనా సినిమా లెక్కల్లో మాత్రం నరసరావుపేట, బాపట్ల ఇప్పటికీ గుంటూరు ఏరియాలోనివే. బొమ్మ బాగా ఆడితే ఇక్కడి డిస్ట్రిబ్యూటరుకు, హాలు యజమానికి, గేటు దగ్గర కుర్రవాడికి, బయట బజ్జీల బండి వాడికి తలా కాస్త దక్కుతుంది.

ఓటీటీ బేరంలో ఏరియాలు లేవు. ఉన్నవి భాషలే. బేరం హైదరాబాదులోనో ముంబయిలోనో తెగుతుంది. తెనాలిలో చూసినా టెక్సాస్‌లో చూసినా డబ్బు ఒకే గల్లాపెట్టెలో పడుతుంది.

అందుకే హాలులో విడుదలైన ఎన్నాళ్లకు ఫోన్లోకి రావాలనే విషయమై తగవు నడుస్తోంది. పుష్ప మొదటి భాగం 21 రోజులకే ప్రైమ్‌లో వచ్చేసింది. "మూడు వారాలు ఆగితే ఇంట్లోనే చూస్తాం, టిక్కెట్టు ఎందుకు?" అని జనం అనుకుంటే హాలు నడిచేదెలా? 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపి మరీ ఈ విషయం చర్చించారు. పెద్ద చిత్రాలకు ఎనిమిది వారాల గడువు ఉండాలన్నారు. కల్కి, పుష్ప రెండో భాగం సరిగ్గా 56 రోజులకు వచ్చాయి. అయినా ఈ నియమాన్ని అందరూ పాటించడం లేదు. 2024 మేలో తెలంగాణలో పలు హాళ్లను ప్రేక్షకులు లేక కొన్నాళ్లు మూసివేశారు.

అలాగని ఓటీటీల వల్ల నష్టమే తప్ప లాభం లేదనడం సబబు కాదు. హాలు దొరకని చిన్న చిత్రాలకు అవి ఆసరా అయ్యాయి. 2020లో ఆహాలో నేరుగా విడుదలైన 'కలర్ ఫొటో'కు ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ అవార్డు లభించింది. కెమెరా దొరికిన ఒక ఆటో డ్రైవరు తన ఊరివాళ్లతోనే సినిమా తీయబూనుకునే కథ 'సినిమా బండి' 2021లో నెట్‌ఫ్లిక్స్ ద్వారా దేశదేశాలకు వెళ్లింది. 2024లో ఈటీవీ విన్‌లో వచ్చిన 'నైంటీస్' సీరియల్ మధ్యతరగతి ఇంటి ముచ్చట్లతోనే మెప్పు పొందింది. అయితే ఇటీవల సంస్థలు కొనుగోళ్లు తగ్గించుకున్నాయని, హాల్లో ఆడిన తరువాతనే ధర చెబుతున్నాయని చిన్న నిర్మాతలు వాపోతున్నారు.

ఇది గ్రంథాలయం కాదు

'లైబ్రరీ' అన్న మాట మన ప్రాంతానికి కొత్త కాదు. ఒకప్పుడు గుంటూరు జిల్లాలో ఉండిన వేటపాలెంలో 1918లో వెలసిన సారస్వత నికేతనం పాత పుస్తకాలను, పత్రికలను ఈనాటికీ కాపాడుతోంది. ఎవరూ అడగలేదని అక్కడ పుస్తకాన్ని పారవేయరు. కంపెనీల లైబ్రరీ తీరు వేరు. చూసేవారు తక్కువైతే, గడువు తీరితే, మోయదగిన ధర కాకపోతే సినిమా రాత్రికి రాత్రి మాయమవుతుంది. చందాదారుకు ముందుగా చెప్పి తీరాలనే కట్టుబాటు లేదు. మనం కొన్నది సినిమా కాదు, లోపలికి పోనిచ్చే టిక్కెట్టు మాత్రమే.

ప్రసారభారతి 2024 నవంబరు 20న 'వేవ్స్' పేరుతో సొంత ఓటీటీ ప్రారంభించి దూరదర్శన్ పాత కార్యక్రమాలు అందుబాటులో పెట్టింది. అంతకు ముందే ఆ ఏడాది మార్చిలో కేరళ ప్రభుత్వం 'సీ స్పేస్' తెరిచి, చూసిన సినిమాకే డబ్బు కట్టే పద్ధతి పెట్టింది. తెలుగువారి పాత సినిమాలకు కూడా ఇటువంటి నీడ ఒకటి అవసరమన్న మాటలో న్యాయముంది.

చందా కట్టే ముందు..

అన్ని కొట్లకూ ఒకేసారి చందా కట్టనవసరం లేదు. ఈ నెల ఒకటి, పై నెల మరొకటి తీసికొంటే ఇల్లు గడుస్తుంది. సినిమా ఎందులో ఉందో ముందు చూసుకోవాలి. భాష కూడా చూసుకోవాలి. ఏడాది చందా చవకే అయినా, మెచ్చిన సినిమా ఏడాదంతా అక్కడే ఉంటుందన్న హామీ లేదు.

నెట్ లెక్క మరువరాదు. నెట్‌ఫ్లిక్స్ వారి లెక్క ప్రకారమే మధ్యరకం బొమ్మకు గంటకు 0.7 జీబీ, హెచ్‌డీ బొమ్మకు 3 జీబీ దాకా అవుతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ వచ్చే రీఛార్జితో హెచ్‌డీలో పెడితే అరగంటకే ఆగిపోతుంది. మధ్యరకంలోనైనా రెండున్నర గంటల సినిమా పూర్తికాదు. శుభం కార్డు మర్నాడే. యాప్‌లో తక్కువ రకం ఎంచుకుంటే గంటకు 0.3 జీబీతో సరిపోతుంది.

చందా తనంతట తాను మళ్లీ కట్ అయ్యే ఏర్పాటు చాలా యాప్‌లలో ఉంది. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం ఖాతాలో డబ్బు తీసే 24 గంటల ముందు సమాచారం రావాలి. ఆ మెసేజీని చదవకుండా వదిలివేయవద్దు. చేరడం సులువు, మానడం కష్టంగా ఉండే చందా వలలను కేంద్రం 2023 నవంబరులో నిషేధించింది. అటువంటి ఇబ్బంది ఎదురైతే వినియోగదారుల ఫోను 1915కు చెప్పుకోవచ్చు.

ఉచితమని ఎవరో పంపిన లింకు నొక్కి యాప్ ఎక్కించుకుంటే ఖాతాకే ఎసరు. కొత్త తెలుగు సినిమాలను దొంగచాటుగా పెట్టే ఐబొమ్మను నడుపుతున్నాడన్న ఆరోపణపై 2025 నవంబరులో హైదరాబాదు పోలీసులు ఒకరిని అరెస్టు చేశారు. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోను చేయాలి.

పిల్లల సంగతి మరొకటి. ఈ సినిమాలకు 2021 నిబంధనల ప్రకారం 7, 13, 16 ఏళ్లు అంటూ వయసు గుర్తులు వేయాలి. తాళం వేసే ఏర్పాటు కూడా ఉంటుంది. యాప్‌లో తాళం ఉంది గదా అని ఫోను పిల్లల చేతికిచ్చి పొలం పోతే చాలదు. ఆ తాళం వేసిందీ లేనిదీ ఇంట్లో పెద్దవాళ్లే ఒకసారి చూసుకోవాలి.