ప్రోగ్రామునకు సంక్రమించు అధికారము

వ్యాపార సంస్థల లెక్కలు నడుపు మధ్యశ్రేణి కంప్యూటర్లలో ఐ.బి.ఎం. వారి ఎ.ఎస్. 400 పేరెన్నికగన్నది. 1978లో ప్రకటింపబడిన సిస్టమ్ 38 దానికి పూర్వరూపము. 1988 జూన్‌లో ఎ.ఎస్. 400 ప్రకటింపబడినది. దాని నిర్వహణ వ్యవస్థ నేడు ఐ.బి.ఎం. ఐ అను పేరుతో కొనసాగుచున్నది. ఈ యంత్రములందు ఒక ప్రోగ్రామునకు అధికారము ఎచటినుండి సంక్రమించునో విద్యార్థి మిత్రులకు వివరింపదలచితిమి.

జీతముల ఫైలును ఉదాహరణముగా గైకొందము. గుమాస్తాకు దానిపై నేరుగా అధికారమిచ్చినచో, ఏ జీతమునైనను తోచినట్లు దిద్దగలడు. ఈయనిచో పని సాగదు. ఈ చిక్కునకు పరిష్కారమే స్వీకృతాధికారము. ప్రతి ప్రోగ్రామునకు ఒక యజమాని ఉండును. ప్రోగ్రాము నడపువాని అధికారముతోనే నడచుట సామాన్య పద్ధతి. అట్లుగాక యజమాని అధికారమును స్వీకరించునట్లు దానిని నిర్మింపవచ్చును. అపుడు అది నడచునంతసేపు గుమాస్తా అధికారమునకు యజమాని అధికారము తోడగును, ముగియగానే తొలగిపోవును. గుమాస్తా ఆ ప్రోగ్రాము చూపిన దారిననే ఫైలును తాకగలడు.

ఇచట గమనింపదగిన విశేషమొకటి కలదు. ఆ ప్రోగ్రాము మరియొక ప్రోగ్రామును పిలిచినచో, స్వీకృతాధికారము దానికిని వారసత్వముగా సంక్రమించును. వలదన్నచో, పై నుండి వచ్చు అధికారమును వాడుకొనరాదని పిలువబడు ప్రోగ్రామునందు నిర్దేశింపవచ్చును. వేరు జాబుగా పంపిన పనికి మాత్రము ఈ అధికారము వెంటరాదు.

ప్రమాదమెల్ల ఈ వారసత్వముననే యున్నది. సర్వాధికారములుగల భద్రతాధికారి పేర నున్న ప్రోగ్రాము, అధికారమును స్వీకరించి తెరపై ఆజ్ఞలు వ్రాయుటకు చోటిచ్చినదనుకొందము. ఆ ఆజ్ఞలన్నియు భద్రతాధికారి ఆజ్ఞలవలె చెల్లును. జీతములు చూడవచ్చినవానికి యంత్రమంతయు స్వాధీనమగును! అట్లే, ఏ లైబ్రరీలోనిదో చెప్పక కేవలము పేరుతో ప్రోగ్రామును పిలిచినచో, అదే పేరుగల నకిలీ ప్రోగ్రాము ముందున్న లైబ్రరీలో చేరి ఆ అధికారమును చేజిక్కించుకొనగలదు.

కావున ప్రోగ్రాము యజమానిగా పరిమితాధికారముగల ప్రొఫైలునే నియమింపవలెను. పిలుపునందు లైబ్రరీ పేరు స్పష్టపరుపవలెను. అధికారము స్వీకరించు ప్రోగ్రాముల పట్టికను తరచు పరిశీలింపవలెను. బీరువా తాళపుచెవి ఒకనికిచ్చునపుడు, అతడు దానిని మరెవరి చేతికిచ్చునో కూడ విచారించుట వివేకుల లక్షణము. కంప్యూటరు విద్య నభ్యసించు మన విద్యార్థులు, ప్రోగ్రాము పనిచేసినదని తృప్తిచెందక, అది ఎవరి అధికారముతో పనిచేసినదో కూడ ప్రశ్నించు అలవాటు చేసికొందురుగాక యని మా ఆకాంక్ష.