మీట నొక్కిన ఓటు ఎచటికి పోవును?



ఉపాధ్యాయ వృత్తిలో నుండినంత కాలము నాకు ఎన్నికల విధులు తప్పలేదు. మొదట కాగితపు బ్యాలెట్లతోను, పిమ్మట యంత్రములతోను పోలింగు నడిపితిని. ఆ దినములనుండి ఒక ప్రశ్న నన్ను విడువకున్నది. 2004వ సంవత్సరపు లోకసభ ఎన్నికలలో ఒక ముసలమ్మ మీట నొక్కి, అట్టల మరుగునుండి వెలుపలికి వచ్చి, నా బల్ల యెదుట నిలిచి, "పంతులుగారూ, దీపం వెలిగింది, కూత వినబడింది. నా ఓటు ఎక్కడ పడింది నాయనా?" అని అడిగెను. పెట్టెలో కాగితము వేసిన కాలమున ఆమె కీ ప్రశ్న పుట్టియుండదు. తన చేతితో మడిచి, తన చేతితోనే పెట్టెలో విడిచెడిది. "యంత్రములో పడినదమ్మా" అని చెప్పితిని. ఆమె నమస్కరించి వెడలెను గాని, నా జవాబు చాలలేదని ఆమె ముఖమే చెప్పినది. నాకును చాలలేదు. నేటి ప్రసంగమున ఆ ప్రశ్నకు నాకు తెలిసినంత సమాధానము చెప్పుదును.

మొదట ఒక మాట. పాత పద్ధతి దోషరహితమని యనుకొనరాదు. ముద్ర రెండు గుర్తుల నడుమ పడినచో ఆ ఓటు చెల్లకపోయెడిది. బలవంతులు కేంద్రమును ఆక్రమించినచో, కట్టలకు కట్టలు ముద్రలు గ్రుద్ది పెట్టెలు నింపుట కెంతయో సేపు పట్టెడిది కాదు. యంత్రము నిమిషమునకు నాలుగైదు ఓట్లకు మించి స్వీకరింపదు. 1996లో నల్లగొండ లోకసభ స్థానమునకు ఫ్లోరైడు నీటి బాధను లోకమునకు చాటుటకై అనేకులు నామపత్రములు వేయగా, పోటీదారులు 480 మంది యైరి. అన్ని పేర్లు పట్టు బ్యాలెట్టు ఎంతటిదో మీరే ఊహింపుడు. 2019లో నిజామాబాదున పసుపు, ఎర్రజొన్న రైతులు గిట్టుబాటు ధర కొరకు అదే త్రోవ పట్టగా 185 మంది పోటీలో నిలిచిరి. అప్పుడు ఒక్కొక్క కేంద్రమున 12 బ్యాలెట్ యూనిట్లను వరుసగా పేర్చి పోలింగు జరిపిరి.

యంత్రము మనదేశమున ఒక్కనాట రాలేదు. 1982 మే నెలలో కేరళలోని పరవూరు శాసనసభ స్థానమున 50 కేంద్రములలో దానిని మొదట ఉపయోగించిరి. చట్టములో అనుమతి లేదని 1984లో సుప్రీంకోర్టు ఆ కేంద్రముల పోలింగును రద్దుచేయగా, అచ్చట మరల కాగితముతో ఓట్లు వేయించిరి. ఫలితము తారుమారయ్యెను. 1988 డిసెంబరులో చట్టమును సవరించిరి. 1998లో మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఢిల్లీలలో 16 శాసనసభ స్థానములందు వాడి చూచిరి. 2004లో దేశమందలి 543 లోకసభ స్థానములకును యంత్రములే వచ్చినవి. వీనిని చేయు ప్రభుత్వ సంస్థలు రెండు. ఒకటి బెంగుళూరిలోని భారత్ ఎలక్ట్రానిక్స్, రెండవది మన హైదరాబాదులోని ఈసీఐఎల్.

యంత్రమున మూడు భాగములు కలవు. మరుగున మీటలతో నుండునది బ్యాలెట్ యూనిట్. ఒక్కొక్క యూనిట్టున 16 పేర్లు పట్టును. కనులు లేనివారు తడిమి తెలిసికొనుటకు మీటల ప్రక్కన బ్రెయిలీ అంకెలు కూడ కలవు. ప్రిసైడింగు అధికారి బల్లపై నుండునది కంట్రోల్ యూనిట్. లెక్క దీనిలోనే నిలువయుండును. అధికారి తన బల్లపైని మీట నొక్కి అనుమతి యిచ్చిన గాని ఓటరు మీట పనిచేయదు. ఒక్క అనుమతికి ఒక్క ఓటే. మూడవది వీవీప్యాట్ అను చీటీ పెట్టె. ఇవి యన్నియు బ్యాటరీతో నడచును గనుక ఊరిలో కరెంటు పోయినను ఓటు ఆగదు.

ఈ మూడవ పెట్టెయే ఆ ముసలమ్మ ప్రశ్నకు సగము సమాధానము. 2004లో అది లేదు. 2013 సెప్టెంబరులో నాగాలాండులోని నోక్సెన్ ఉపఎన్నికలో మొదట వాడిరి. అదే సంవత్సరము అక్టోబరులో, ఇట్టి చీటీ ఓటరు విశ్వాసమునకు అవసరమని సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2019 లోకసభ ఎన్నికలలో దేశమంతట ప్రతి కేంద్రమునను దానిని ఉంచిరి. మీరు మీట నొక్కగానే చిన్న అద్దపు కిటికీ వెనుక మీరెన్నుకొన్న అభ్యర్థి వరుస సంఖ్య, పేరు, గుర్తు గల చీటీ ఏడు సెకనులు కనబడి, తెగి, క్రింది మూసిన పెట్టెలో పడును. అది మీ చేతికి రాదు. చేతికిచ్చినచో ఓటు కొనువాడు బయట నిలిచి దానిని చూపుమని యడుగును గదా!

ఏడు సెకనులు స్వల్పకాలమే. మన పెద్దలు మీట నొక్కి, కూత వినగానే వెనుదిరుగుట నేను పెక్కుసారులు చూచితిని. కంటి అద్దములు ఇంటిలో మరచి వచ్చినవారును కలరు. కూత విని కదలక, చీటీ చదివి కదలుడు. చీటీలో వేరొక గుర్తు కనబడినచో అక్కడనే ప్రిసైడింగు అధికారితో చెప్పవచ్చును. ఆయన మీచేత వ్రాతమూలమైన ప్రకటన తీసికొని, ఏజెంట్ల సమక్షమున ఒక పరీక్ష ఓటు వేయించును. తప్పు నిజమైనచో ఆ యంత్రముపై ఓటింగు ఆపివేయవలెను. అబద్ధమైనచో ప్రకటన చేసినవారు శిక్షకు పాత్రులగుదురు. ఈ శిక్షాభయమున నిజముగ తప్పు చూచినవారు కూడ నోరు మెదపరను విమర్శ కలదు. అది త్రోసివేయదగినది కాదు. కావుననే బాగుగ చూచి, నిశ్చయించుకొని, పిమ్మట పలుకవలెను.

ఇక రెండవ సందేహము: దూరమున నెవడో కూర్చుండి లెక్క మార్చగలడా? యంత్రమునకు ఇంటర్నెట్టుతో సంబంధము లేదనియు, గాలిలో వచ్చు సంకేతములను గ్రహించు సాధనము అందు లేదనియు ఎన్నికల సంఘము చెప్పుచున్నది. ఐనను 2010లో హైదరాబాదునకు చెందిన ఒక సాంకేతిక నిపుణుడు విదేశీ పండితులతో కలిసి, యంత్రము చేత చిక్కినచో లోపలి భాగములు మార్చి లెక్కను తారుమారు చేయవచ్చునని చూపెను. ఆ యంత్రము ఎట్లు వచ్చెనని ఆయనపై కేసు పెట్టి నిర్బంధించిరి కూడ. యంత్రము ఎవరి చేతను చిక్కకుండ ముద్రలు, కావలి ఉన్నవని సంఘము వారి సమాధానము. జర్మనీ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము 2009లో, విశేష జ్ఞానము లేని సామాన్య పౌరుడు సైతము ఓటు లెక్కను పరీక్షింప గలిగియుండవలెనని చెప్పి, అచ్చట 2005 ఎన్నికలలో వాడిన యంత్రములు రాజ్యాంగ విరుద్ధములని తీర్మానించెను. ఈ రెండు వాదములను విన్నమీదట నాకు తోచున దేమన, యంత్రము లోపల నేమున్నదో మనము చూడలేము. దాని చుట్టును ఏమి జరుగుచున్నదో చూడగలము. చూడవలసినది కూడ అదియే.

ఇందుకు నా తప్పునే ఉదాహరణముగ చెప్పుదును. 2019 ఏప్రిల్ 11వ తేదీ ఉదయము. పోలింగునకు ముందు, ఏజెంట్ల యెదుట కనీసము 50 మాదిరి ఓట్లు వేసి, యంత్రపు లెక్కను చీటీల లెక్కతో సరిపోల్చి, ఆ మాదిరి ఓట్లను తుడిచివేసి, చీటీలను నల్లని కవరులో పెట్టి ముద్ర వేయవలెను. ఆనాడు యాబది ఓట్లును వేయించితిమి. ఇంతలో ఏడు గంటలు సమీపించెను. బయట వరుస పెరిగినది. ఎండ రాకముందే ఓటు వేసి పోవలెనని జనము తొందర. చీటీ పెట్టెలో కాగితము చిక్కుకొనగా దానిని సరిచేయుటలో నా మనస్సు చెదరెను. తుడిచితి ననుకొని ముద్రకాగితమును చేత పట్టితిని. ఒక ఏజెంటు, అరువదియేండ్లు దాటిన రైతు, చదివినది ఐదవ తరగతి, లేచి, "పంతులుగారూ, కోపపడకండి. ఆ మొత్తం మీట ఒకసారి నొక్కి చూపించండి" అనెను. నొక్కితిని. యాబది!

నాకు చెమటలు పట్టినవి. ఆ పెద్దమనిషి కేకలు వేయలేదు, మోసమని యనలేదు. "మనిషన్నాక మరుపు ఉంటుంది. సున్నా చూపించి మొదలుపెట్టండి" అని మాత్రమనెను. మాదిరి ఓట్లను ముగించి, ఫలితము చూపి, తుడిచి, సున్న చూపి, పిమ్మట ముద్ర వేసితిమి. ఆయనయు సంతకము చేసెను. ఆయన అడుగకున్నచో సాయంకాలము లెక్క యాబది ఎక్కువగును. వచ్చిన ఓటర్ల సంఖ్యయొకటి, యంత్రము చెప్పు సంఖ్య యొకటి. ఊరంతయు మోసమనియే నమ్మును. నమ్ముటలో వారి తప్పేమి? యంత్రము యొక్క మర్మము ఆ రైతునకు తెలియదు. లెక్క సున్ననుండి మొదలు కావలెనని మాత్రము తెలియును. అదియే చాలినది.

ఆనాడు ఆంధ్రప్రదేశమున కొన్నిచోట్ల యంత్రములు మొరాయించి, ఓటింగు రాత్రి చాల పొద్దుపోవువరకు సాగెను. అట్టి వేళ జనము విసిగి యిండ్లకు పోవుట కలదు. ఒక సంగతి గుర్తుంచుకొనుడు: ముగింపు వేళకు వరుసలో నున్నవారందరికిని ఓటు హక్కు కలదు. అధికారి వరుస చివరనుండి మొదలుపెట్టి చీటీలు పంచును. చీటీ యున్నవారు ఎంత ఆలస్యమైనను ఓటు వేయవచ్చును.

మూడవ సందేహము రహస్యమును గూర్చినది. ఎవరు ఎవరికి ఓటు వేసిరో యంత్రపు ఫలితము చెప్పదు, మొత్తములనే చెప్పును. కాని ఒక లోపము కలదు. కాగితముల కాలమున పెక్కు పెట్టెల ఓట్లను కలిపి లెక్కించు వీలుండెడిది. యంత్రముల లెక్క కేంద్రము కేంద్రముగ బయటపడును గనుక, ఏ ఊరు, ఏ వాడ ఎటు మొగ్గెనో నాయకులకు తెలిసిపోవును. "మీ వాడ మాకు వేయలేదు, మీకు రోడ్డెందుకు?" అను మాట పుట్టుట కిదియే మూలము. ఈ భయము నిజమైన భయమే.

ఇక సాయంకాలపు పని. ఓటింగు ముగియగానే అధికారి ముగింపు మీట నొక్కి, మొత్తము ఓట్లెన్నియో 17-సి అను పత్రమున వ్రాసి, దాని నకలును ఏజెంట్ల కిచ్చును. ఈ కాగితము బంగారమువంటిది. లెక్కింపునాడు అదే సంఖ్య అదే యంత్రమున కనబడవలెను. 2019 ఏప్రిల్ 8వ తేదీ సుప్రీంకోర్టు ఉత్తర్వు ప్రకారము ప్రతి శాసనసభ భాగమునను ఐదు కేంద్రముల చీటీలను లెక్కించి యంత్రపు లెక్కతో సరిచూతురు. భేదము వచ్చినచో చీటీల లెక్కయే చెల్లును. అన్ని చీటీలును లెక్కింపవలెనన్న కోరికను 2024 ఏప్రిల్ 26న కోర్టు త్రోసిపుచ్చెను. ఐనను గుర్తులను చీటీ పెట్టెలోని కెక్కించు సాధనములను ఫలితము తరువాత 45 దినములు ముద్రవేసి దాచవలెననియు, రెండవ, మూడవ స్థానములలో నిలిచిన అభ్యర్థులు కోరినచో నూటికి ఐదు యంత్రములను పరీక్షింప వచ్చుననియు చెప్పెను.

లెక్క తప్పుట ఎల్లప్పుడు యంత్రము వలననే కాదు. హర్యానాలో పానిపట్టు జిల్లాయందలి బువానా లాఖూ గ్రామమున 2022 నవంబరులో యంత్రములతో సర్పంచి ఎన్నిక జరిగెను. ఓడినట్లు ప్రకటింపబడిన వ్యక్తి న్యాయస్థానములను వదలక పట్టెను. తుదకు 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు ఆవరణముననే ఆ యంత్రములను తెరచి లెక్కింపగా, ఆయనకు 1051, గెలిచినట్లు ప్రకటింపబడినవారికి 1000 ఓట్లు వచ్చినవి. గ్రామము యొక్క నిజమైన తీర్పు యంత్రములోనే భద్రముగ నుండెను, ప్రకటనయే తప్పు. కాని అది సరియగుటకు మూడేండ్లు పట్టినది. ఆనాడే బల్లయొద్ద పట్టుదలతో సరిచూచినవారుండినచో అంత కాలము పట్టెడిది కాదేమో!

కావున పెద్దలారా, మీ ఊరి ఏజెంట్లుగ మాటకారులను గాక లెక్క తెలిసి ఓపిక గలవారిని పంపింపుడు. వారిని వేకువననే మాదిరి పోలింగునకు పొమ్మనుడు. సున్న చూడక సంతకము చేయవలదనుడు. సాయంకాలము 17-సి నకలు లేక కేంద్రము విడువవలదనుడు. కన్ను కనబడనివారు, చేతకానివారు తమకు నమ్మకమైన తోడును వెంట తీసికొని పోవచ్చును. ఆ తోడు ఆ దినమున మరి యొకరికి తోడు పోరాదు. మీ పేరుతో మరియొకరు ముందుగనే ఓటు వేసియున్నచో తిరిగి రావలదు; టెండరు ఓటు అని కాగితపు బ్యాలెట్టు అడిగి తీసికొనుడు.

ఆ ముసలమ్మ ఇప్పుడు లేదు. ఉండినచో ఈసారి ఇట్లు చెప్పుదును: "అమ్మా, నీ ఓటు చీటీయై ఆ పెట్టెలో పడినది, అంకెయై ఈ పెట్టెలో చేరినది. ఆ రెంటిని కనిపెట్టుకొని యుండుటకు మీ ఊరివాడు ఆ బల్లయొద్ద కూర్చున్నాడు." ఈ మాటలో చివరి భాగము నిజము చేయుట యంత్రము చేతిలో లేదు. అది మీ చేతిలో నున్నది.