లైబ్రేరియన్ వృత్తి ధర్మం

మీరు లైబ్రరీలో ఒక పుస్తకం తీసుకుంటారు. కౌంటర్ దగ్గర ఉన్నావిడ కార్డు చూసి, పుస్తకం మీ చేతికిస్తారు. ఇది ఎందుకు చదువుతున్నారని అడగరు. అది ఆవిడ మంచితనం మాత్రమే కాదు, వృత్తి ధర్మం కూడా. ప్రపంచ దేశాల లైబ్రరీ సంఘాల సమాఖ్య ఇఫ్లా 2012లో ఇలాంటి ధర్మాలను ఒకచోట రాసిపెట్టింది. అందరికీ పుస్తకాలు అందాలి, పుస్తకాలను నిషేధించకూడదు, పాఠకుల గుట్టు కాపాడాలి అని అందులో ఉంది.

చదవడానికి ఇవి మామూలు మాటలే. కానీ మన దక్షిణాఫ్రికాలో వీటికి బరువు ఎక్కువ.

తెలుగులో లైబ్రరీని గ్రంథాలయం అంటాం. గ్రంథం అంటే పుస్తకం, ఆలయం అంటే ఇల్లు, గుడి కూడా. ఆ ఇంట్లోకి మన పెద్దలందరికీ ప్రవేశం లేదు. 1953 నాటి చట్టం రంగును బట్టి ప్రజల స్థలాలను వేరు చేసింది. వేరుగా ఇచ్చినవి సమానంగా ఉండనక్కరలేదని కూడా చెప్పింది! ఆ చట్టం 1990 దాకా పోలేదు. లైబ్రేరియన్లు కూడా దీనికి ఎదురు నిలవలేదు. 1930లో పుట్టిన వాళ్ల సంఘం 1960లలో తెల్లవాళ్లనే సభ్యులుగా ఉంచుకుంది. భారతీయ లైబ్రేరియన్లు వేరే సంఘం పెట్టుకోవలసి వచ్చింది. రంగు చూడని లియాసా అనే సంఘం 1997లో గానీ రాలేదు.

పుస్తకాల సంగతీ అంతే. నాడిన్ గోర్డిమర్ నవల 'బర్గర్స్ డాటర్'ను 1979లో నిషేధించారు, కొన్ని నెలలకు వదిలేశారు. నిషేధించిన పుస్తకాల జాబితా ఒకటి ఉండేది, పేరు జేకబ్సన్స్ ఇండెక్స్. లైబ్రరీలో పనిచేసేవాళ్లే దాన్ని చేతిలో పట్టుకుని, అల్మారాల్లోంచి పుస్తకాలు తీసేసేవారు. కొందరు భయంతో చేశారు, కొందరు ఇష్టంగానే చేశారు. నాకు ఆ రెండోవాళ్లే ఎక్కువ బాధ కలిగిస్తారు.

కొన్ని పుస్తకాలు ఇంట్లో ఉంటేనే నేరం అయిన రోజులవి. అలాంటి రోజుల్లో ఎవరు ఏం చదివారో రాసిన చిట్టా పోలీసుల చేతికి వెళితే? పాఠకుల గుట్టు ఎందుకు ముఖ్యమో ఇప్పుడు మీకు అర్థమయ్యే ఉంటుంది.

ఈసారి లైబ్రరీకి వెళ్లినప్పుడు, మీరు తీసుకున్న పుస్తకాల చిట్టా ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరికి చూపిస్తారో అడగండి. తెలుగు పుస్తకాలు ఉన్నాయా అని కూడా అడగండి. లేకపోతే తెప్పించమని కోరండి. అడిగే హక్కు మీకుంది, మొహమాటపడకండి.